మోకాళ్ల పరిరక్షణకి నా సంపూర్ణ మద్దతు

పరిగెడితే అడుగడుక్కీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు కాళ్ల మీద పడుద్ది, అందుకని బరువెక్కువున్నోళ్లు నడక, ఈత, సైకిల్ లాంటివి చూస్కోండి అని డాక్టర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. ఇందులో పరుగొద్దు అన్న ముక్క వరకు మనం పాటించినంత నిష్ఠగా ఇంకెవరూ పాటించుండరు. అసలు మొదలే పెట్టనిది కూడా మానేశాం, అదీ క్రమశిక్షణ అంటే!

ఇక నడక. వైజాగ్ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే బండ్లు ఆపేసి మరీ వాకర్లకి దారిస్తారు. మన కోసం అంత చేస్తుంటే మన వంతు మనం చెయ్యాలిగా, అందుకని నలుగురం రోడ్డుకడ్డంగా వరసకట్టి, మధురవాడలో గజం రేటూ, అమెరికాలో కొడుకు వీసా, పక్క ఫ్లాటోళ్ల పార్కింగ్ గొడవా చెప్పుకుంటూ, గుండెకి గానీ చెమటకి గానీ చిన్న ఇబ్బంది కూడా కలగని స్పీడులో వెళ్తుంటాం. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, సరైన స్పీడంటే అదీ అంటారు. మనోళ్లు కచేరీ ఇచ్చేయగలరు.

70 కిలోల మనిషి అరగంట మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది ఓ 120, 150 క్యాలరీలు. ఆ తర్వాత ప్లేటు మైసూర్ బజ్జీ, అల్లం చట్నీ ఇంకో గరిటె. లెక్క తప్పిందంటారా, తప్పితే తప్పింది, బజ్జీ తింటే మోకాలు అరగదు కదండీ.

రోజుకి పదివేల అడుగులు అనే నంబరు 1965లో జపాన్‌లో అమ్మిన ఓ అడుగుల మీటర్ పేరు నుంచి వచ్చింది. మా బాబాయ్ దాన్ని వేదంలా పాటిస్తాడు. సోఫాలో కూచుని సీరియల్ చూస్తూ వాచీ ఉన్న చెయ్యి ఊపుతుంటాడు, మోకాళ్లకి దీనికన్నా సేఫ్ ఎక్సర్‌సైజు నేనైతే చూళ్లేదు.

ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో ఏ మూడో వంతో కాళ్ల మీద ఉంటుంది. డైటింగ్ లేకుండా అంత తేలికైపోయాక ఇంక ఈదడం దేనికని జనం నిలబడే ఉంటారు. ఇంట్లో సైకిల్ ఉందా, సీటు మరీ కిందకుంటే మోకాలిచిప్ప మీద ఒత్తిడి పడుద్దని తెలిసినప్పట్నుంచీ దాని మీదకి తువ్వాళ్లని తప్ప ఎవర్నీ ఎక్కనివ్వట్లేదు.

వారానికి కనీసం 150 నిమిషాలు, కొంచెం ఆయాసం వచ్చేలా చెయ్యమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కబుర్ల కోసం ఆగిన టైము ఇందులో కలపాలో వద్దో చెప్పలేదు, వాళ్లెప్పుడూ అంతే. పైగా మోకాళ్లరిగినోళ్ల మీద చేసిన ఓ పరిశోధనలో, కిలో బరువు తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుద్దని తేలింది. అంటే మోకాళ్లు కాపాడాలంటే ముందు బజ్జీ ఆపాలట. ఈ ముక్క వాకర్స్ వాట్సాప్ గ్రూపులో ఇంతవరకు ఒక్కడూ ఫార్వర్డ్ చెయ్యలేదు, చెయ్యరు కూడా.

పొద్దున పూట కార్లూ బైకులతో పాటు టిఫిన్ బండ్లు కూడా ఆపేయాలని ఎవరైనా అర్జీ పెట్టదల్చుకుంటే ముందు మా బాబాయ్‌తో మాట్లాడండి. కాస్త ఆగి రండి, ఇప్పుడాయన ఎనిమిదో వెయ్యిలో ఉన్నాడు, చెయ్యి ఖాళీ లేదు.