సవరణ: టీవీ సైకిల్ రివ్యూల గురించి
టీవీలో వచ్చే సైకిల్ రివ్యూలు నాసిరకంగా ఉంటున్నాయని, బరువు తప్ప ఇంకేం చెప్పరని మొన్న రాశాను. బరువు అసలు లెక్కలోకే రాదన్నానని కొందరు అనుకున్నారు. అలా అనలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు తెలుస్తుంది. కానీ మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలుంటే, కిలో తేడా ఒక శాతం పైచిలుకే.

నా బాధల్లా బ్రేకుల గురించి. కొత్త డిస్క్ బ్రేకుల్లో ప్యాడ్లు డిస్కుకి సర్దుకోవాలంటే, వేగం అందుకోవడం, బ్రేకు నొక్కి నెమ్మదించడం పదే పదే చెయ్యాలి. అప్పటిదాకా పట్టు పూర్తిగా రాదు. పెట్టెలోంచి తీసిన సైకిల్‌ని కెమెరా ముందు నాలుగు చుట్లు తిప్పి ‘బ్రేకులు బాలేవు’ అనేస్తే ఎలా? టైర్లలో గాలి ఎంత కొట్టారో కూడా చెప్పరు. అది తెలియకుండా ‘కుదుపులు ఎక్కువ’ అన్న మాట నమ్మి సైకిల్ కొనడం మానుకోకండి.