కడపటి చోటుకూ పోటీ

లూకా సువార్త 14వ అధ్యాయం తెలియని క్రైస్తవుడు మా చిత్తూరులో లేడు. విందుకు పిలిస్తే అగ్రస్థానం మీదికి ఎగబడొద్దు, పోయి కడపటి చోటున కూర్చో, పిలిచినవాడే వచ్చి ‘స్నేహితుడా, పైచోటికి పొమ్ము’ అంటాడు, అప్పుడు నీకు ఘనత అని యేసు చెప్పాడు. చెప్పింది విశ్రాంతి దినాన, పరిసయ్యులు అనే యూదు మతనిష్ఠాపరుల అధికారి ఒకడి ఇంట్లో, భోజనం దగ్గర. అప్పటికే మంచి చోట్లు చూసుకొని కూర్చున్నవాళ్లలో ఒక్కడు కూడా లేచినట్టు లూకా రాయలేదు. అంటే మన సంప్రదాయం చాలా పాతది.

కేథలిక్కుల పఠనాల పట్టికలో ఈ భాగం మూడేళ్లకోసారి ఆదివారం పూజకు వస్తుంది. కిందటిసారి 2025 ఆగస్టు 31న వచ్చింది. మా చర్చికి పట్టికతో పనిలేదు. షామియానా వాళ్ల దగ్గర సోఫాలు ఖాళీగా ఉన్న ఆదివారమే మాకు వార్షికోత్సవం. పెళ్లిళ్ల రోజుల్లో ఆ సోఫాలు దొరకవు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి సగం అద్దెకే ఇస్తారు. కాబట్టి మా పండుగ తేదీని నిర్ణయించేది పంచాంగం. ఈ సంగతి అయ్యగారితో అంటే ‘సర్వం ఆయన చిత్తం’ అన్నారు. ఎవరి చిత్తమో నేను రెట్టించలేదు.

ఈసారి ఫ్లెక్సీ మీద ముఖాలు పదమూడు, వేదిక మీద సోఫాలు ఆరు. పదమూడో ముఖం యేసుది. మూలన, చిన్నగా, ప్రింటింగ్ ప్రెస్సు ఫోన్ నంబరు పైన ఉన్న ఆయన సోఫా అడగడు కాబట్టి ఆ చిక్కు లేదు. మిగిలిన పన్నెండు మంది అడుగుతారు. సోఫాల మీద తెల్ల తువ్వాళ్లు పరిచి, ముందు టీపాయి మీద జీడిపప్పు పెట్టి, ప్రసంగ భాగంగా ఏం చదివారనుకున్నారు? అదే. లూకా 14.

మామూలు పెద్దమనుషులైతే తిన్నగా సోఫా దగ్గరికి పోతారు. వాళ్లతో నాకు తగాదా లేదు, వాళ్లు వాక్యం చదవరు. నన్ను కాల్చుకు తింటున్నది చదివినవాడు. మామిడి మండీ ఉన్న ఒక పెద్దాయన, పట్టు చొక్కా తొడుక్కొని, కావాలనే అరగంట ఆలస్యంగా వచ్చాడు. మధ్యదారి గుండా నాలుగడుగులు వేసి, అందరూ చూశాక వెనక్కి తిరిగి, తలుపు దగ్గర చెప్పుల పక్కన ఉన్న ఆఖరి ప్లాస్టిక్ కుర్చీ ముందు నిలబడ్డాడు. అందులో ఒక అవ్వ ఉంది. ఆయన నిలబడితే అవ్వ లేవకుండా ఉంటుందా? లేచింది. “కూర్చో అవ్వా, కూర్చో” అంటూ ఆయన కూర్చున్నాడు.

కడపటి చోటు దొరికింది. ఇక పైచోటికి పిలుపు రావాలి.

రాలేదు. మైకు పట్టుకున్న తమ్ముడు వేదిక మీదివాళ్ల బిరుదులు చదవడంలో మునిగిపోయాడు. పెద్దాయన దగ్గాడు. ‘తగ్గింపు’ (చర్చి భాషలో వినయం) అన్న మాట వచ్చినప్పుడల్లా దగ్గాడు. లాభం లేక అల్లుడి చేత చీటీ పంపించాడు: ‘మామగారు వెనక కూర్చున్నారు.’ తమ్ముడు ప్రార్థన మనవి అనుకొని బైబిల్లో పెట్టుకున్నాడు. రెండో చీటీ: ‘మామగారు ఇంకా వెనకే కూర్చున్నారు.’ అదీ బైబిల్లోకే పోయింది. మూడో చీటీలో ఏం రాశారో గానీ, కిందటేడు మైకు సెట్టు ఎవరు కొనిచ్చారో గుర్తుచేసి ఉండాలి. పాట మధ్యలో ఆపేశారు.

“సంఘమా! ఎంత తగ్గింపో చూడండి! మన అన్నగారు ఎక్కడ కూర్చున్నారో చూడండి!” అందరం చూశాం. ఆయన రెండు చేతులూ ఊపి వద్దు వద్దు అన్నాడు, అప్పటికే లేచి. చప్పట్లు, హల్లెలూయలు. వేదికెక్కితే సోఫా లేదు. రిటైరైన హెడ్మాస్టరు గారిని కుషన్ కుర్చీలోకి, కుషన్ కుర్చీలో ఉన్నాయనను స్టూలు మీదికి జరిపారు. శాలువా కప్పారు. తర్వాత ఆయన తగ్గింపు మీద ఇరవై నిమిషాలు మాట్లాడాడు. 1900లో ఒక్క మంచంతో వేలూరులో వైద్యం మొదలుపెట్టి, గుడియాత్తం దారిలో రోడ్డు పక్కన రోగులను చూసిన మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ గురించి కూడా చెప్పాడు. ఆమెను ఏ సోఫాలో కూర్చోబెట్టారో మాత్రం చెప్పలేదు.

నా దృష్టి అవ్వ మీదికి పోయింది. గోడకు ఆనుకొని నిలబడే ఉంది. శనివారం సాయంత్రం ఈ చర్చి ఊడ్చేది ఆమె. రోజూ వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసిపెట్టి ఆదివారం గుడ్డసంచిలో తెచ్చి ఇచ్చేదీ ఆమే. కడపటి చోటున కూర్చోమని ఆమెకు ఎవడు చెప్పాలి? నలభై ఏళ్లుగా ఉన్నది అక్కడే. ఇన్నేళ్లలో ‘పైచోటికి రా’ అన్నవాడు లేడు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీనీ తగ్గింపు పేరు చెప్పి లాక్కున్నారు కదయ్యా! సిగ్గు లేదా? అగ్రపీఠాలు కోరే శాస్త్రుల, అంటే యూదుల ధర్మశాస్త్రం బోధించేవాళ్ల, మాట మార్కు 12వ అధ్యాయం 39వ వచనంలో ఉంది. మన అయ్యగార్లు అక్కడిదాకా చదివి ఆపేస్తారు. 40వ వచనంలో వాళ్లే విధవరాళ్ల ఇళ్లు దిగమింగుతారని ఉంది. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలు ఆ వెంటనే వస్తుంది. ఆమెను మాత్రం ఏటా కానుకల వేళకు తప్పకుండా తెస్తారు. ఆమె వేసిన కాసులు మీకు కావాలి, ఆమె కూర్చున్న కుర్చీ కూడా కావాలి!

ప్రేమవిందు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మొదటి బంతికి మటన్ బిర్యానీ, టేబుళ్లు, నీళ్ల బాటిళ్లు. ఆఖరి బంతికి ముక్కల్లేని కుస్కా, అడుగంటిన వంకాయ పులుసు. విందు చేస్తే బీదలను, కుంటివాళ్లను, గుడ్డివాళ్లను పిలవమని అదే 14వ అధ్యాయంలో, కాస్త కిందనే ఉంది. పిలవలేదని అనలేం. పిలిచారు, ఆఖరి బంతికి.

శాలువాల కార్యక్రమం ఇంకా సాగుతుంటే ఆ ఖాళీ కుర్చీ అవ్వ వైపు జరిపాను. ఆమె కూర్చోలేదు. వేదిక వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

“ఆ సారు మళ్లా ఈడికే వస్తాడేమో నాయనా, కూసుంటే ఏమన్నా అంటారా?”