బయానా కాగితంలో రాయనివే తగువులు

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇల్లు చేతులు మారే తీరు తెలిసిందే. బ్రోకరు మధ్యన కూర్చుని ధర తెంపుతాడు. మంచిరోజు చూసి బయానా ముట్టజెబుతారు. స్టాంపు కాగితం మీద ఆరేడు వరుసలు రాయించుకుని, మూఢం దాటాక రిజిస్ట్రేషన్ అనుకుంటారు. తగువు పుట్టేది ఆ నడుమ రెండు మూడు నెలల్లోనే. అందుకు ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు, కాగితంలో లేనిదాన్ని ఎవరికి అనువుగా వారు అనుకుంటే చాలు.

మాటా మాటా పెరిగేది చిన్నవాటి దగ్గరే. తాళం తీసి చూస్తే గీజరు ఉండాల్సిన చోట గోడకు కన్నాలు. బోరు మోటారు ఉంది, స్టార్టరు లేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 8వ సెక్షన్ ప్రకారం తాళాలు, తాళంచెవులు, తలుపులు, కిటికీలు, శాశ్వత వాడకానికి అమర్చినవన్నీ ఇంటితోపాటే వెళ్తాయి. గీజరు, ఇన్వర్టరు, ఏసీ ఆనాటివారి ఊహకు అందనివి. అవి శాశ్వతమా కాదా అని వాదించడానికి ప్లీడరుకిచ్చే ఫీజుతో కొత్త గీజరే కొనుక్కోవచ్చు. ఇద్దరూ గది గదికీ తిరిగి జాబితా రాసి, సంతకాలు చేసి ఒప్పందానికి జతపరిస్తే అరగంట పని. పెరటి కొబ్బరిచెట్ల కాపు రిజిస్ట్రేషన్ దాకా ఎవరిదో కూడా అందులోనే రాయాలి. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, కాయలు దింపిన రోజున రాదు.

కొలత సంగతి ఇంకా ఖరీదైనది. దస్తావేజులో ఐదు సెంట్లు అంటే 242 గజాలు. టేపు పెడితే 235 తేలవచ్చు. వీధిలోకి కొంత పోయి ఉంటుంది, లేదా పక్కవారి ప్రహరీ లోపలికి జరిగి ఉంటుంది. గజం 20 వేలనుకుంటే తేడా 1.40 లక్షలు. బయానాకు ముందే ఇద్దరి ఎదుటా కొలిపించి, ధర గజం లెక్కనా, ఉన్నది ఉన్నట్టు గుత్తగానా అన్నది తేల్చి రాసుకోవాలి.

శ్లాబు కారుతుందని తెలిసి, రంగులేసి దాచడం నేర్పు కాదు. మామూలు జాగ్రత్తతో కొనేవారు పసిగట్టలేని లోపాన్ని దాచితే అదే ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ దాన్ని మోసంగానే చూస్తుంది. తాతలనాటి ఇల్లయితే ఆడపడుచుల సంతకాల మాట ముందే తేలాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ సమాన హక్కుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూశాం కదా అంటే సరిపోదు. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే, నోటిమాట పంపకాలు కనిపించవు.

ఇక డబ్బు. 20 వేలు, ఆపైన బయానా నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది, జరిమానా పడేది పుచ్చుకున్నవారికే. కొనేవారు వెనక్కు తగ్గితే బయానా పోతుందా? రాసుకుంటేనే పోతుంది. ఇచ్చింది కేవలం అడ్వాన్సు కాదని, ఒప్పందానికి హామీ సొమ్మని, మాట తప్పితే జప్తు అవుతుందని స్పష్టంగా ఉండాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి మధ్యలో రేటు పెంచమనే అమ్మకందారుకూ అదే కాగితంలో సమానమైన షరతు ఉండాలన్నది మా అభిప్రాయం. ఏకపక్షంగా రాసే పాత నమూనాలను దస్తావేజు లేఖరులు ఇకనైనా పక్కన పెట్టాలి.

కొనేది బ్యాంకు రుణంతోనైతే రెండు వాక్యాలు అదనంగా కావాలి. హక్కుపత్రాల్లో లోపంవల్ల రుణం రాకపోతే బయానా మొత్తం తిరిగివ్వాలి. కొనేవారి ఆదాయం చాలక ఆగితే ఎంత కోత పడుతుందో అంకెల్లో ఉండాలి. అమ్మేవారి పత్రాలే బ్యాంకులో ఉంటే, అప్పు తీరిన 30 రోజుల్లో వాటిని ఇచ్చేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5 వేలు పరిహారం. రిజిస్ట్రేషన్ గడువు పెట్టేటప్పుడు ఆ 30 రోజులూ కలుపుకోవాలి.

'త్వరలో' అని కాకుండా తేదీ వేసుకోవాలి. ఒప్పందం అమలు కోరే దావాకున్న మూడేళ్ల గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. అద్దెకున్నవారు ఏ రోజుకు ఖాళీ చేస్తారో, వారి అడ్వాన్సు ఎవరు తిరిగిస్తారో కూడా అక్కడే రాసి, తాళాలు చేతికిచ్చే రోజున కరెంటు మీటరు రీడింగును ఇద్దరూ ఫోటో తీసుకోవాలి.