పాత ప్యాకింగ్, కొత్త సిలికాన్, అదే లీకు

మా కాలనీ గ్రూపులో తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది: "సైలెన్సర్ లీకైతే పాత ప్యాకింగ్‌కే (పైపుల జాయింటులో సందు మూసే గాస్కెట్) సిలికాన్ పూసి బోల్టులు గట్టిగా బిగించండి. లీకుతో నష్టం మోత ఒక్కటే. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) పీకేస్తే మైలేజీ పెరుగుతుంది. పైపులోంచి నీళ్లు కారితే ఇంజన్ పోయినట్టే."

నీళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పొద్దున్నే చల్లటి పైపు తగిలి చుక్కలవుతుంది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గుతుంటే అప్పుడు టెన్షన్ పడండి.

మోత ఒక్కటే నష్టమా? కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కుని అద్దాలు మూసుకుని కూర్చున్నప్పుడు, కింద లీకైన పొగ లోపలికి చేరొచ్చు. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు లీకుంటే బయటి గాలి పైపులోకి దూరుతుంది. పెట్రోలు చాలడం లేదని సెన్సార్ పొరబడుతుంది, ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు ఇంకాస్త పోస్తుంది.

సిలికాన్ కక్కుర్తి నేనూ పడ్డాను. ఒక షెడ్డులో అలాగే బిగించి ఇచ్చారు, పది రోజులకే మళ్లీ బుస్సుమంది. ఒకసారి నలిగిన ప్యాకింగ్ మళ్లీ సందు మూయదు. మామూలు సిలికాన్ ఆ వేడికి నిలవదు, దాని ఆవిరి సెన్సార్‌నూ పాడుచేస్తుంది. రాణిగంజ్ వెళ్లి కొత్త ప్యాకింగులు తెచ్చుకున్నాక ఇంకో మేస్త్రీ పని చేసిన తీరు చూశాను. ముందురోజు రాత్రే తుప్పు నట్లకు ఆయిల్ కొట్టాడు. పైపంతా రబ్బర్లకు వేలాడదీసి నట్లన్నీ చేత్తోనే తిప్పాడు. ఎక్కడా బాడీకి తగలడం లేదని చూసుకున్నాకే పానా పట్టి, ఇంజన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ వచ్చాడు. మొదటాయన ఒక జాయింటు పూర్తిగా బిగించేసి మిగతా పైపును లాగి కూర్చోబెట్టాడు, లీకు అక్కడే మొదలైంది. స్ప్రింగు బోల్టులున్న చోట స్ప్రింగు పూర్తిగా నలగకూడదు, ఇంజన్ ఊగినప్పుడు ఆ జాయింటూ కదలాలి. చివరికి ఆరుబయట, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, వెనక పైపుకు క్షణంసేపు గుడ్డ అడ్డం పెట్టి చెవొగ్గాడు. ఎక్కడా బుస్సు లేదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ మాటలో పిసరంత నిజముంది. అది పూడుకుపోతే మైలేజీ పడిపోతుంది, అప్పుడు మార్చాలి. బాగున్నదాన్ని పీకితే బీఎస్6 (కాలుష్య ప్రమాణం) కార్లో కన్వర్టర్ వెనకున్న ఆక్సిజన్ సెన్సార్ కనిపెట్టేసి ఇంజన్ లైటు వెలిగిస్తుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. పీకేయమని సలహా ఇచ్చినవాణ్ణి ఆ పాతది ఎవరు ఉంచుకుంటారో అడిగి చూడండి.