ఊదాక, సంతకం పెట్టే ముందు

రాత్రి పదకొండు దాటాక, తాగి బండి నడిపేవాళ్లను పట్టుకోవడానికి మెయిన్ రోడ్డు మీద బారికేడ్లు పడతాయి. ఎస్సై చేతిలో బ్రీత్ అనలైజర్ అనే చిన్న మెషీన్, దానికో ప్లాస్టిక్ గొట్టం. "ఊదు.. ఆపకుండా ఊదు" అంటారు. బీప్ మంటుంది, తెర మీద ఓ అంకె వస్తుంది, వెంటనే స్లిప్ వస్తుంది, దాని కింద సంతకం పెట్టిస్తారు. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టదు. రేపు కోర్టులో ఊదినవాడి మీద ఉండే ప్రధాన సాక్ష్యం ఆ స్లిప్పే.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి 6 నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ. "రెండు పెగ్గులే వేశా సార్", "ఎవరినీ గుద్దలేదు కదా" లాంటి మాటలకు ఇందులో చోటే లేదు. ఇక అడగడానికి మిగిలేది ఒక్కటే: ఆ అంకె ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో 2025 జూలైలో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో తెలిసొచ్చింది. పొద్దున్నే డ్యూటీకి వచ్చిన డ్రైవర్లు ఊదితే తాగినట్టు చూపించింది. వాళ్లు తాగలేదు. బాగా మగ్గిన పనస తొనలు తిన్నారు, అంతే. అనుమానం తీరక, అంతకుముందే ఊది సున్నా తెచ్చుకున్న ఒకాయనకు అవే తొనలు తినిపించి మళ్లీ ఊదిస్తే ఆయనకూ అంకె వచ్చింది.

ఊపిరితిత్తుల్లో రక్తం నుంచి శ్వాసలోకి వచ్చే ఆల్కహాల్‌ను కొలిచి, దాన్నిబట్టి రక్తంలో ఎంతుందో మెషీన్ లెక్క కడుతుంది. నోట్లో అంటుకుని ఉన్నదాన్ని కూడా అది ఆ లెక్కలోనే వేసేస్తుంది. మౌత్‌వాష్, స్పిరిట్‌లో కలిపిన హోమియో చుక్కలు, కొన్ని దగ్గు సిరప్‌లు ఇలాగే ఇరికిస్తాయి. కానీ నోట్లోని ఆవిరి పావుగంట, ఇరవై నిమిషాల్లో పోతుంది. ఒంట్లోకి ఎక్కిన మందు అంత త్వరగా దిగదు. కాబట్టి నీళ్లతో పుక్కిలించి, పావుగంట ఆగి, మళ్లీ ఊదించమని అడగడం ఎవరూ తప్పుపట్టాల్సిన విషయం కాదు. నిజంగా తాగినవాడికి దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

మెషీన్ మీద కూడా షరతులున్నాయి. ప్రతి మనిషికీ ముందు ఖాళీ పరీక్ష, అంటే ఎవరూ ఊదకుండా ఉత్త గాలితో పరీక్ష, చేసి సున్నా చూపించాలి. అలా సున్నా రాని మెషీన్ ఇచ్చిన అంకెను నమ్మలేమని 2025లో కేరళ హైకోర్టు ఓ కేసులో తాగి నడిపాడన్న అభియోగాన్ని కొట్టేసింది. క్యాలిబ్రేషన్, అంటే మెషీన్ సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూడటం, ఎప్పుడు చేయించారన్నది కూడా అడగొచ్చు.

అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టర్ పరీక్ష జరగాలని, లేదంటే కస్టడీ నుంచి వదిలేయాలని 202వ సెక్షన్ చెబుతోంది. దీన్ని పట్టుకుని "రెండు గంటలు దాటితే కేసే పోతుంది" అని వీడియోలు చేసేవాళ్లున్నారు. అది తప్పు. ఆ సెక్షన్ ఇచ్చేది విడుదల మాత్రమే. ఊదనని మొండికేయడమూ తెలివి అనిపించుకోదు. కారణం లేకుండా నిరాకరిస్తే 205వ సెక్షన్ కింద అదే మనకు వ్యతిరేకంగా పనికొస్తుంది. బండి సంగతికొస్తే, పక్కన తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే బండి అతనికి ఇవ్వాలని, పోలీసులు ఉంచేసుకోకూడదని తెలంగాణ హైకోర్టు 2021లోనే చెప్పింది.

ఇదంతా తాగి నడిపేవాళ్లను గట్టెక్కించడానికి రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే నాకు బాధే. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో తాగి బైక్ నడిపిన ఒకతను పడిపోయాడు. ఆ బైక్‌ను ఈడ్చుకెళ్లిన బస్సుకు మంటలంటుకుని 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. అలాంటి రాత్రి మళ్లీ రాకూడదంటే తనిఖీలు ఉండాల్సిందే, ఇంకా పెరగాల్సిందే. అందుకే ప్రతి కేసూ కోర్టులో గట్టిగా నిలబడాలి.

నా బెంగ ఇంకొకరి గురించి. దోషిగా తేలితే కనీసం 6 నెలలు లైసెన్స్ మీద అనర్హత పడుతుంది. ఆఫీసు ఉద్యోగి ఆ ఆర్నెల్లూ మెట్రోలో వెళ్తాడు. ఆటో, క్యాబ్ నడిపేవాడికి ఇంట్లో పొయ్యి వెలగదు. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేక, రోజు కూలీ పోతుందన్న టెన్షన్‌లో, "ఒప్పేసుకుంటే ఇవాళే అయిపోతుంది" అని పక్కవాళ్లు చెప్పిన మాట విని తలూపేస్తాడు. తాగి ఉంటే ఒప్పుకోవడమే న్యాయం. తాగకపోయినా తలూపితే, నిజంగా తప్పు చేసిన రోజున అది రెండో నేరమై కూర్చుంటుంది.

ఆ స్లిప్ మీద ఖాళీ పరీక్ష రీడింగ్, క్యాలిబ్రేషన్ తేదీ, రెండోసారి ఊదించమని అడగొచ్చన్న ఒక్క ముక్క తెలుగులో అచ్చేసి ఇవ్వడానికి పోలీసు శాఖకు పెద్ద ఖర్చేమీ కాదు. బారికేడ్ పక్కన మంచినీళ్ల క్యాన్ ఒకటి, పావుగంట కూర్చోవడానికి నాలుగు కుర్చీలు వేస్తే చాలు.