హెడ్‌సెట్ పెట్టుకున్నంత మాత్రాన సర్జన్ అయిపోరు

ఏ గ్రూపు తెరిచినా అదే ఫార్వర్డ్. వీఆర్ హెడ్‌సెట్‌తో, అంటే కళ్లకు తగిలించుకుంటే కంప్యూటర్ బొమ్మల ఆపరేషన్ థియేటర్ చూపించే పరికరంతో, నేర్చుకున్న సర్జన్లు 230 శాతం మెరుగ్గా ఆపరేషన్లు చేస్తున్నారట, దీనికి ఖర్చే ఉండదట, సీనియర్ పక్కన నిలబడి నేర్చుకునే రోజులు పోయాయట, మెడికల్ కాలేజీలకు ఇక శవాలతో పని లేదు కాబట్టి దేహదానం కూడా అనవసరమట. పంపేవాళ్లలో ఒక్కరైనా ఆగి ఆలోచించారా?

ఆ 230 ఎక్కడిదో చూద్దాం. అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో చేసిన ప్రయోగం అది, 2019లో వార్తల్లోకొచ్చింది. విరిగిన కాలి ఎముకలో రాడ్ వేయడం నేర్పారు. పాల్గొన్నది 20 మంది, అదీ సర్జన్లు కాదు, మెడిసిన్ మొదటి రెండేళ్ల విద్యార్థులు. రాడ్ వేసింది ప్లాస్టిక్ ఎముకకి. హెడ్‌సెట్‌తో నేర్చుకున్నవాళ్లకు సగటున 17.5 మార్కులు, హెడ్‌సెట్ లేకుండా గైడ్ చదివి నేర్చుకున్నవాళ్లకు 7.5. అంటే 2.3 రెట్లు, 230 శాతం పెరుగుదల కాదు. పైగా హెడ్‌సెట్ వాళ్లు కూడా సరిగ్గా చేసిన స్టెప్పులు 63 శాతమే. మిగతా 37 శాతం తప్పిన చేతికి మీ నాన్నగారి కాలు అప్పగిస్తారా?

"ఖర్చే ఉండదు" అన్నదానికి జవాబు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ ఎవరూ ఊరికే ఇవ్వరు.

సీనియర్ అక్కర్లేదన్న మాట రాసినవాళ్లు ఎముకకు డ్రిల్ వేయడం ఎప్పుడూ చూసుండరు. ఎముక గట్టి గోడ దాటగానే చేతికి తగిలే బిగువు ఒక్కసారిగా పోతుంది, ఆ క్షణంలోనే ఆగాలి, ఆగకపోతే అవతల రక్తనాళాలున్నాయి. మామూలు హెడ్‌సెట్ కంట్రోలర్ చేతిలో వణుకుతుంది తప్ప ఎదురు తోయదు. ఆ ఆగడం పక్కన సీనియర్ ఉన్నప్పుడే వస్తుంది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది దేహదానం మాటకి. మనిషి బతికుండగా ఎన్ని సంతకాలు పెట్టినా, పోయాక శరీరాన్ని కాలేజీకి చేర్చాల్సింది ఇంట్లోవాళ్లే. కర్మకాండలెలా, నలుగురూ ఏమనుకుంటారు అని అప్పటికే సగం మనసుతో ఉంటారు. అలాంటి ఇంటికి "డాక్టర్లకు ఇప్పుడు శవాలు అక్కర్లేదు" అనే మెసేజ్ పంపితే ఏమవుతుంది? ఆ పెద్దమనిషి కోరిక అక్కడితో ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో నాళాలు బొమ్మ గీసినచోటే ఉంటాయి, నిజం మనుషుల్లో ఒకే నాళం ఒకరిలో ఒకచోట, ఇంకొకరిలో ఇంకోచోట ఉంటుంది, అది నేర్పేది శవాన్ని కోసి చూసే డిసెక్షన్ బల్ల. అసలు స్క్రీన్ మీద కనిపించే ఆ 3డీ శరీరాలు ఎక్కణ్నుంచి వచ్చాయనుకున్నారు? అమెరికాలో విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్టు కింద ఒక పురుషుడి, ఒక స్త్రీ మృతదేహాలను పలచటి పొరలుగా కోసి, ఒక్కో పొరనూ ఫొటో తీసి 1994, 1995లలో బయటపెట్టారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో 3డీ అనాటమీ బొమ్మలకు అవే ఆధారం. శవం లేకుండా ఆ బొమ్మే లేదు!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో శుక్లం ఆపరేషన్ నేర్చుకునేవాళ్లకు ఐసై అనే సిమ్యులేటర్, అంటే ఉత్తుత్తి కంటి మీద సాధన చేయించే యంత్రం, అందుబాటులోకి వస్తున్న ఏళ్లలో, మొదటి రెండేళ్ల ట్రైనీల చేతుల్లో కంటి కటకం వెనక పొర చిరగడం 2009లో 4.2 శాతం నుంచి 2015కి 2.6 శాతానికి తగ్గిందని 2020లో అధ్యయనం వచ్చింది. అది తలకు తగిలించుకునే హెడ్‌సెట్ కాదు, మైక్రోస్కోపులోంచి చూస్తూ చేసే యంత్రం. కానీ లెక్క ప్లాస్టిక్ బొమ్మ మీద కాదు, నిజమైన రోగుల కళ్ల మీద తేలింది. మన ప్రభుత్వ కాలేజీల్లో కంటి పీజీలందరికీ, మొదటి రోగిని ముట్టుకోకముందే అలాంటి యంత్రం ఇవ్వమని అడిగే మెసేజ్ ఎవరైనా రాయండి, నాకు తెలిసిన ప్రతి గ్రూపులో నేనే పెడతాను.