మూడో అధికరణం వారి సముఖానికి

మహారాజశ్రీ భారత రాజ్యాంగ మూడో అధికరణం వారికి, చెన్నై మైలాపూరు నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి చేసుకొనే విన్నపం. ఉభయ కుశలోపరి అని రాయాలనే ఉంది గాని, రాష్ట్రాల కుశలం తమ దయమీద ఆధారపడినది కనుక నేరుగా విషయానికి వస్తాను.

కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచాలన్నా, ఉన్నదాన్ని చీల్చాలన్నా, హద్దులు జరపాలన్నా, పేరు మార్చాలన్నా పార్లమెంటుకు సాధారణ మెజారిటీ చాలునన్నారు. ఇదంతా 368వ అధికరణం కింద రాజ్యాంగ సవరణగా లెక్కకు రాదని తమ పొరుగువారైన నాలుగో అధికరణం పూచీ పడింది.

తమ మర్యాదను మాత్రం మెచ్చుకోక తప్పదు. రాష్ట్రపతి సిఫారసు లేనిదే బిల్లు సభ గడప తొక్కదు. దానివల్ల ప్రభావితమయ్యే రాష్ట్ర శాసనసభకు ముందుగా పంపి అభిప్రాయం కోరాలి. అయితే 1955లో అయిదో సవరణ గడువు నిబంధనను చేర్చింది కనుక, ఆ సభ ఔనన్నా, కాదన్నా, పలకకపోయినా గడువు తీరితే చాలు. శుభలేఖలు పంచాక పెళ్లికూతురి ఇష్టం కనుక్కోవడమంటే ఇదే. 1956లో బొంబాయిని మూడు ముక్కలు చేస్తామని అక్కడి శాసనసభను అడిగి, చివరికి ఒకే పెద్ద రాష్ట్రంగా మిగిల్చినప్పుడు, మళ్లీ అడగనక్కరలేదని బాబూలాల్ పరాతే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించిన బిల్లును ఫిబ్రవరిలో ఉభయసభలూ ఆమోదించగా, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అంగీకారమే తప్పనిసరి అయితే తెలంగాణవారు నేటికీ ఎదురుచూస్తూ ఉండేవారు. కనుక తమరు వినకపోవడంపై నాకు పేచీ లేదు, వింటున్నట్లు కనిపించడంపైనే.

తమ వాక్యాల్లో పార్లమెంటు, రాష్ట్రపతి, శాసనసభ ఉన్నారు. రాష్ట్రం కావాలనే జనం మాత్రం ఎక్కడా లేరు. వారు తమ తలుపు తట్టే దారి లేదు గనుకనే, పొట్టి శ్రీరాములు ఈ ఊళ్లోనే నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచాక గాని ఢిల్లీకి వినిపించలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. 1960లో హద్దులు సరిచేసినప్పుడు సుబ్రహ్మణ్యస్వామి కొలువైన తిరుత్తణి కూడా ఇటు మద్రాసు రాష్ట్రంలోకే వచ్చింది. స్వామివారి అభిప్రాయం ఎవరైనా కోరారో లేదో!

శాసనసభ చెప్పినదాన్ని తోసిపుచ్చితే కారణాలు రాసి ఆ సభకు జవాబు పంపాలని ఒక్క వాక్యం చేర్చుకోవలసిందిగా ప్రార్థన. దీనిపై తమ అభిప్రాయానికి నెల రోజుల గడువు ఇస్తున్నాను. జవాబు వచ్చినా, రాకున్నా, వ్యతిరేకంగా వచ్చినా ఈ విన్నపం ఆమోదం పొందినట్లే పరిగణిస్తాను.

చిత్తగించవలెను.